చీటీలో నాలుగు తేదీలు

నెల్లూరు జిల్లాలో ఒక చిన్న టౌను. అక్కడ బస్టాండు ఉంది. మండలాఫీసు ఉంది. సర్కారు ఆస్పత్రి ఉంది. ప్రతి గురువారం సంత జరుగుతుంది.

బస్టాండు పక్క వీధిలో రత్తమ్మ ఇడ్లీలు అమ్ముతుంది. తెల్లవారుజామున నాలుగు గంటలకే పొయ్యి వెలిగిస్తుంది. ఆమెకంటే ముందే వీధిలో కుక్కలు లేస్తాయి. ఒకటి నల్లది. ఒకటి మచ్చలది. ఒకటి కుంటిది. ఎంగిలాకుల కుప్ప దగ్గరే వాటి కాపురం. రాత్రి కొత్త మనిషి వస్తే మొరుగుతాయి. పగలు బండ్ల నీడన పడుకుంటాయి. మిగిలిన ఇడ్లీ ముక్క రత్తమ్మ వాటికి వేస్తుంది.

రత్తమ్మ కూతురు, అల్లుడు మద్రాసులో కూలి పని చేస్తున్నారు. వాళ్ళ కొడుకు శీను అవ్వ దగ్గరే ఉంటున్నాడు. వాడికి ఎనిమిదేళ్ళు. అవి బడికి ఎండాకాలం సెలవులు.

సోమవారం, జూన్ 2

నల్ల కుక్క గోడ వెనక పిల్లల్ని పెట్టింది. శీను ఒక పిల్లను ఎత్తుకున్నాడు. అది కుయ్యిమంది. తల్లి కుక్క ఉరికి వచ్చింది. శీను పరిగెత్తాడు. కుక్క వాడి పిక్క పట్టుకుంది. పళ్ళు దిగాయి. నెత్తురు కారింది.

"అవ్వా!" అని వాడు కేక పెట్టాడు.

రత్తమ్మ గరిటె పారేసి వచ్చింది. పక్కింటామె కారం డబ్బా తెచ్చింది. "కారం అద్దు వదినా, విషం విరుగుతుంది" అంది. రత్తమ్మ డబ్బా మూత తీసింది.

ఎదురింటి అమ్మాయి ఆశా కార్యకర్త. ఆమె పరుగున వచ్చింది.

"ఆగు పెద్దమ్మా! కారం వద్దు. పసుపు వద్దు. సున్నం వద్దు. కుళాయి తిప్పు. సబ్బు తే" అంది.

కుళాయి ధార కింద శీను కాలు పెట్టారు. సబ్బు రాసి కడిగారు. మళ్ళీ రాసి మళ్ళీ కడిగారు. అలా పావుగంట కడిగారు. శీను ఏడుస్తూనే ఉన్నాడు.

"ఇంతసేపా?" అంది రత్తమ్మ.

"పిచ్చి కుక్క ఎంగిలిలో రేబిస్ క్రిమి ఉంటుంది పెద్దమ్మా. సబ్బు నీళ్ళు ఆ క్రిమిని చాలావరకు చంపుతాయి. దానికి పావుగంట పడుతుంది."

తర్వాత ఆటోలో ఆస్పత్రికి పోయారు. నర్సమ్మ గాయం చూసింది. దానికి కట్టు కట్టలేదు, కుట్లు వేయలేదు. పుండు చుట్టూ సీరం అనే మందు ఎక్కించారు. రెండు చేతుల పైభాగంలో టీకా వేశారు. డబ్బు అడగలేదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారంట కదమ్మా?" అంది రత్తమ్మ భయంగా.

"అది పాతకాలం మాట. ఆ టీకా ఆగిపోయి ఇరవై ఏళ్ళు అవుతోంది. ఇప్పుడు చేతికే వేస్తాం. నాలుగు సార్లు రావాలి. ఇదిగో చీటీ" అంది నర్సమ్మ.

చీటీ మీద నాలుగు తేదీలు ఉన్నాయి. జూన్ 2, జూన్ 5, జూన్ 9, జూన్ 30. మొదటి తేదీ పక్కన నర్సమ్మ టిక్కు పెట్టింది.

రత్తమ్మ నిరుడు రాత్రి బడిలో చదువు నేర్చింది. చీటీ చేత్తో పట్టుకుని కూడబలుక్కుని చదివింది. ఇంటికి పోయి ఆ నాలుగు తేదీలు బొగ్గుతో గోడ మీద రాసింది.

మంగళవారం

వీధిలో మగవాళ్ళు కర్రలు పట్టుకున్నారు. "నల్ల కుక్కను కొట్టి చంపుదాం" అన్నారు.

ఆశా అమ్మాయి అడ్డం వచ్చింది. "దాన్ని చంపితే మనకు ఏం తెలుస్తుంది? పది రోజులు కనిపెట్టి చూడాలి. రేబిస్ ఉన్న కుక్క ఆ పది రోజుల్లో జబ్బు పడుతుంది, చస్తుంది. బాగా ఉంటే, కరిచిన రోజు దాని ఎంగిలిలో క్రిమి లేనట్టు లెక్క. కానీ ఆ పది రోజులూ మనం సూది ఆపకూడదు."

"అది పిల్లల తల్లి. పిల్లను ఎత్తితే ఊరుకుంటుందా?" అంది రత్తమ్మ. కర్రలు కిందికి దిగాయి.

బుధవారం

పల్లె నుంచి రత్తమ్మ తమ్ముడు వచ్చాడు. శీను కాలు చూశాడు. పుండు ఎండుతోంది. వాడు ఆడుకుంటున్నాడు.

"మానిపోయింది కదక్కా, ఇంకా సూదులెందుకు? మా ఊళ్ళో పసరు పోసే ఆయన ఉన్నాడు. ఆదివారం తీసుకుపోదాం. రేపు సంత. కొట్టు మూస్తావా ఏంది?" అన్నాడు.

రత్తమ్మకు ఆ మాట నిజమే అనిపించింది. మూడు రోజుల బేరం ఒక్క సంత రోజు అవుతుంది. అప్పుకు కట్టే వాయిదా కూడా ఆ డబ్బులోదే. శీను చూస్తే చెంగున దుముకుతున్నాడు.

రాత్రి కూతురు ఫోను చేసింది. "అమ్మా, వాడు బాగున్నాడా?" అంది. రత్తమ్మ బాగున్నాడంది. ఫోను పెట్టాక నిద్ర పట్టలేదు. లేచి లైటు వేసింది. గోడ మీద తను రాసిన అక్షరాలు కనిపించాయి. జూన్ 5. రేపే.

గురువారం, జూన్ 5

సంత నిండా జనం. తొమ్మిది గంటలకు రత్తమ్మ ఇడ్లీ పాత్రకు మూత పెట్టింది. "కొట్టు కాసేపు చూడు" అని తమ్ముడికి చెప్పి శీనును తీసుకుని ఆస్పత్రికి పోయింది. వరుసలో రెండు గంటలు నిలబడింది.

"పుండు మానింది కదమ్మా, ఇంకా కావాలా?" అని నర్సమ్మను అడిగింది.

"మానింది చర్మం. క్రిమి లోపలికి పోయుంటే నరాల వెంట నడుస్తుంది. మెల్లగా మెదడు వైపు పోతుంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఈలోగా టీకా ఒంట్లో కాపలా తయారు చేయాలి. ఒక్క సూదికి ఆ కాపలా చాలదు. క్రిమి మెదడుకు చేరిందా, ఇక ఏ మందూ పని చేయదు. నీళ్ళు చూస్తే భయం, గాలి తగిలితే భయం. ఆ తర్వాత మనిషి దక్కడు" అంది నర్సమ్మ.

రత్తమ్మ మనవడి తల నిమిరింది. రెండో టిక్కు పడింది.

తిరిగి వచ్చేసరికి ఇడ్లీ సగం మిగిలింది. ఆ రోజు బేరం సగమే. తమ్ముడు మాట్లాడలేదు. రత్తమ్మా ఏమీ అనలేదు.

శుక్రవారం, శనివారం

వీధి ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. కుక్కలు ఇక్కడే ఎందుకు చేరుతున్నాయి? ఎంగిలాకుల కుప్ప వల్ల. కోళ్ళ అంగడి వ్యర్థాల వల్ల. మూత ఉన్న డబ్బాలు పెట్టుకుందామని అనుకున్నారు.

మున్సిపాలిటీకి ఒక అర్జీ రాశారు. "మా వీధి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయండి. రేబిస్ టీకా వేయండి" అని అందులో ఉంది. అర్జీ కింద తొమ్మిది మంది సంతకాలు చేశారు. రత్తమ్మ సంతకం మొదటిది. వేలిముద్ర ఒక్కటీ లేదు.

ఆదివారం

ఆశా అమ్మాయి పిల్లలను కూర్చోబెట్టింది.

"కుక్క మీదికి వస్తే పరిగెత్తవద్దు. చెట్టులాగా కదలకుండా నిలబడండి. దాని కళ్ళలోకి చూడవద్దు. కింద పడితే ముడుచుకుని చెవులు, మెడ చేతులతో కప్పుకోండి. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లల తల్లిని కదిలించవద్దు."

శీను అందరికంటే బాగా చెట్టులాగా నిలబడ్డాడు.

సోమవారం, జూన్ 9

మూడో టిక్కు పడింది. జూన్ 12 వచ్చింది. నల్ల కుక్క బాగానే ఉంది. పిల్లలకు పాలిస్తోంది. అయినా డాక్టరు చెప్పినట్టే జూన్ 30న రత్తమ్మ నాలుగో సూది వేయించింది. ఆ రోజు గోడ మీద చివరి తేదీ పక్కన తనే టిక్కు పెట్టింది.

తెలుసుకుందాం

• మనిషికి కుక్కకాటు టీకాను మొదట వేయించింది ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్. 1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు.

• పాశ్చర్ పేరుతో తమిళనాడులోని కూనూరులో 1907లో ఒక సంస్థ వెలిసింది. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు.

• పిల్లి, కోతి, ముంగిస కరిచినా ఆస్పత్రికి పోవాలి. గోరు గీరి నెత్తురు వచ్చినా పోవాలి. పెంపుడు కుక్క కరిచినా పోవాలి.

• టీకాను చర్మంలోకి వేస్తే నాలుగు సార్లు పోవాలి. కండకు వేసే చోట ఐదు సార్లు పోవాలి. చీటీలో ఎన్ని తేదీలు ఉంటే అన్ని సార్లూ పోవాలి. గర్భిణులకు, పసిపిల్లలకు కూడా ఈ టీకా వేస్తారు.

• వీధికుక్కలకు ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలని 2023 నియమాలు చెబుతున్నాయి. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల లోపల పట్టిన వాటిని తిరిగి అక్కడ వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది.

చెప్పండి

1. శీను కాలు ఎంతసేపు కడిగారు? దేనితో కడిగారు?
2. పుండు మానినా సూది ఎందుకు వేయించాలి?
3. గురువారం రత్తమ్మ ఏం నష్టపోయింది? ఏం దక్కించుకుంది?

లెక్క చేయండి

ఒకరికి 1వ తేదీన మొదటి సూది వేశారు. తర్వాత 3 రోజులకు రెండోది, మొదటి రోజు నుంచి 7 రోజులకు మూడోది, 28 రోజులకు నాలుగోది వేయాలి. ఆ తేదీలు రాయండి.

చేయండి

మీ వీధిలో ఎవరినైనా కుక్క కరిచిందా? వాళ్ళ చీటీ అడిగి చదవండి. ఏ తేదీ పక్కనైనా టిక్కు లేకపోతే వాళ్ళను వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.