కొల్లేరు చెరువుకి ఎన్ని బైట్లు?

1983లో వచ్చిన టీఆర్‌ఎస్-80 మోడల్ 100ని ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి తాతయ్య అనొచ్చు. నాలుగు పెన్సిల్ సెల్స్, 8 వరుసల తెర, లోపలే బేసిక్. చవక రకంలో మెమరీ 8 కేబీ. అందులో మనకి మిగిలేది సుమారు 5,000 బైట్లు. ఆ ఇరుకులోనే సరదాకి ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఎలా సర్దుకున్నారో మన కొల్లేరు లెక్కతో చూద్దాం ఫ్రెండ్స్.

చేపల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్ ఎప్పుడు వేయాలో తెలియాలంటే గంటకో రీడింగ్ దాచుకోవాలి. 15 రోజులకి 360 రీడింగులు.

ఆ బేసిక్‌లో మామూలు సంఖ్య 8 బైట్లు తింటుంది. 360 × 8 = 2,880. సగం పైగా మెమరీ హాంఫట్! వేరియబుల్ పేరు చివర % గుర్తు పెడితే అది పూర్ణసంఖ్య, 2 బైట్లే. మొత్తం 720. మరి 5.4 లాంటి దశాంశం వస్తే? పదితో గుణించి 54గా దాచి, చూపించేటప్పుడు పదితో భాగిస్తే సరి.

ఈ పొదుపు ఇప్పటికీ అక్కరకొస్తుంది. మన ప్రాజెక్టుల్లో వాడే ఆర్డుయినో ఊనోలో ర్యామ్ 2,048 బైట్లే. అందులో ఫ్లోట్ 4 బైట్లు కాబట్టి 1,440 పోతాయి, ఇంట్ అయితే 720. గట్టు మీద పెట్టిన బోర్డు మెమరీ చాలక అర్ధరాత్రి ఆగిపోతే, తెల్లారేసరికి రైతు చేపలు తేలిపోతాయి.

హోంవర్క్: ఒక్క బైట్‌లో 0 నుంచి 255 దాకా పడతాయి. మరి ఆ 720ని ఇంకెంతకి తగ్గించొచ్చు?