ముందు వాచీ వెనక్కి తిప్పండి

షాపతను ట్రే తీసి అద్దాల బల్ల మీద పెట్టగానే ఎవరి కళ్లయినా డయల్ మీదికే పోతాయి. నీలం రంగు, వెండి అంచు, లోపల మూడు బుల్లి చక్రాలు. అతను చూపించేదీ అదే, పెట్టెలో కనబడేలా అమర్చేదీ అదే. మీరు మాత్రం వాచీని చేతిలోకి తీసుకుని బోర్లా తిప్పండి. వెనక మూత మీద గుండ్రంగా చెక్కిన సన్నటి అక్షరాలు చదవండి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. అయిదు వేల లోపు బడ్జెట్లో మన్నే వాచీ ఏదో, మెరిసే వాచీ ఏదో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

1. ఎందుకు కొంటున్నారో ముందే అనుకోండి

రోజూ ఆఫీసుకో, కాలేజీకో పెట్టుకునేదా, పెళ్లిళ్లకూ పేరంటాలకూ బీరువాలోంచి తీసేదా? రెండో రకానికైతే అందం చూసుకుని కొనేయండి, తప్పులేదు. ఈ వ్యాసం మొదటి రకం కోసం. చెమట, వాన, బస్సు కమ్మీలు, గిన్నెలు తోమే నీళ్లు అన్నీ ఓర్చుకుంటూ ఏడెనిమిదేళ్లు చేతికుండాల్సిన వాచీ కోసం. డబ్బు ఎంతో కూడా ఇంటి దగ్గరే గట్టిగా అనుకుని బయల్దేరండి. షాపులో "ఇంకో ఎనిమిది వందలు వేసుకుంటే..." అనే మాట తప్పకుండా వినబడుతుంది.

2. మెషీన్ ఏ రకమో తేల్చుకోండి

వాచీలో అసలు సరుకు ఇదే. మిగతా అంతా దాని చుట్టూ కట్టిన ఇల్లు.

కీ ఇచ్చేవి, చేతి కదలికకు తమంతట తామే చుట్టుకునే ఆటోమేటిక్‌లు, సెల్లుతో నడిచే క్వార్ట్జ్, వెలుతురుతో నడిచే సోలార్: ఇవీ రకాలు. నా మాట వింటే, అయిదు వేల లోపు కొనేవాళ్లు క్వార్ట్జ్‌కో సోలార్‌కో పోవాలి. లోపల జరిగే పని చూస్తే కారణం మీకే తెలుస్తుంది. సెల్లు నుంచి కరెంటు అందగానే ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. పక్కనున్న చిప్ ఆ లెక్కను సగానికి, మళ్లీ సగానికి, అలా పదిహేనుసార్లు తగ్గించుకుంటూ వస్తే చివరికి సెకనుకు ఒక్క దెబ్బ మిగులుతుంది. ఆ దెబ్బకి ముల్లు ఒక అడుగు వేస్తుంది. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతివాచీ 'ఆస్ట్రాన్' అమ్మకానికి పెట్టినప్పుడు దాని ధర ఒక చిన్న కారుకు సమానం. అదే సూత్రం ఇవాళ వెయ్యి రూపాయల వాచీలోనూ పనిచేస్తోంది. మామూలు క్వార్ట్జ్ నెలకు పదిహేను ఇరవై సెకన్లు అటూ ఇటూ పోతుంది, అంతే. చవక ఆటోమేటిక్ మెషీన్లకు కంపెనీలే రోజుకు ఇరవై సెకన్లు వెనక నుంచి నలభై సెకన్లు ముందు వరకు మినహాయింపు ఇచ్చుకుంటాయి. పైగా కొన్నేళ్లకోసారి విప్పి, కడిగి, నూనె వేయించాలి. చిన్న ఊళ్లలో ఆ పని చేసే చేతులు తగ్గిపోతున్నాయి కూడా.

మనదేశంలో వాచీల కథ నడిచిందీ కీ నుంచి క్వార్ట్జ్‌కు తిరిగిన ఈ మలుపు మీదే. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 'జనతా', 'పైలట్' వంటి కీ ఇచ్చే వాచీలతో రెండు తరాల మణికట్లను ఏలింది. 1987లో హోసూరు నుంచి బజారుకొచ్చిన టైటన్ మొదటి నుంచీ క్వార్ట్జ్ మీదే నడిచింది. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి కేంద్రం నిర్ణయం తీసుకుంది. తాతగారి హెచ్ఎంటీ మీద మమకారం ఉంటే, ఆయన వాచీనే బాగుచేయించి పెట్టుకోండి. ఆన్‌లైన్లో కళకళలాడుతూ కనబడే 'పాత హెచ్ఎంటీ'లలో చాలావాటికి డయల్ కొత్తగా రంగేసి అచ్చేసినది, ముళ్లు వేరే మోడల్‌వి, లోపలి ముక్కలు నాలుగు వాచీల నుంచి ఏరినవి. పైన పటారం, లోన లొటారం.

సోలార్‌లో కాసియోవి కొన్ని మోడళ్లు ఈ బడ్జెట్లోనే దొరుకుతాయి. సిటిజన్ ఎకో-డ్రైవ్ కావాలంటే సాధారణంగా ఇంకాస్త పైమెట్టు ఎక్కాలి. చీటికీమాటికీ సెల్లు మార్పించే బాధ పడలేనివాళ్లకు ఆ డబ్బు దండగ కాదు.

మెషీన్ ఎవరిదో కూడా అడగండి. పేరు ఏదైనా, చాలా చవక బ్రాండ్ల లోపల ఉండేది సిటిజన్ వారి మియోటానో, సీకో వారిదో. మియోటా 2035 అనే మెషీన్ ఎంత మామూలంటే, అది పాడైతే బాగుచేయడం మానేసి మొత్తం మెషీన్నే తీసి కొత్తది వేసేస్తారు. అది వాచీకి లోపం కాదు, మీకు లాభం.

3. వెనక మూత చదవండి

'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉందనుకోండి. స్టీలు వాచీ దొరికిందని సంబరపడకండి. స్టీలు ఆ మూత ఒక్కటే. చుట్టూ ఉన్న బాడీ ఇత్తడో, జింకు కలిపిన మిశ్రమలోహమో; పైన మెరిసేది పూత. చర్మానికి, చెమటకు తగిలేది మూతే కాబట్టి దాన్నొక్కటీ స్టీలుతో చేసి ఊరుకుంటారు. మన ఎండల్లో ఆ పూత ముందుగా పోయేది బెల్టు తగిలించే కొమ్ముల మూలల్లో, చొక్కా కఫ్ రాసుకునే వైపు. ఇత్తడి బయటపడ్డాక పచ్చటి చిలుము, కొందరికి నికెల్ పడక మణికట్టు మీద దురద. 'ఆల్ స్టెయిన్‌లెస్ స్టీల్' అనో, స్టీల్ కేస్ అనో, 316ఎల్ అనో ఉంటే ఆ గొడవ లేదు. అయస్కాంతం పెట్టి చూద్దామనుకోకండి. మంచి స్టీలూ అంటుకోదు, ఇత్తడీ అంటుకోదు.

ప్లాస్టిక్ బాడీ తక్కువది అనుకోనక్కర్లేదు. 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ రెజిన్ బాడీతోనే ఇప్పటికీ అమ్ముడవుతోంది. బరువు 21 గ్రాములు, సెల్లు ఏడేళ్లదాకా వస్తుందని కంపెనీ లెక్క, ధర రెండు వేల లోపే. ప్లాస్టిక్‌నని చెప్పుకునే ప్లాస్టిక్ కంటే, స్టీలులా నటించే పూతతోనే చిక్కు.

4. నీళ్ల సంగతి

మూత మీదే ఉండే రెండో ముఖ్యమైన ముక్క ఇది. 30 మీటర్లు అని రాసి ఉంటే ముప్ఫై మీటర్ల లోతుకు దూకవచ్చని కాదు. వాచీని కదల్చకుండా పరీక్షలో పెట్టిన ఒత్తిడి అది. బతుకులోకి తెచ్చుకుంటే ఇలా: వట్టి 'వాటర్ రెసిస్టెంట్' లేదా 30 మీటర్లు అంటే చేతులు కడుక్కోవచ్చు, చినుకుల్లో నడవచ్చు. 50 మీటర్లు ఉంటే వానలో బైకు నడపవచ్చు, చెరువులో కాసేపు మునగవచ్చు. ఈత నేర్చుకునేవాళ్లకు 100 మీటర్లు. మన వానాకాలానికి, బట్టలుతికే చేతులకు 50కి తగ్గకుండా చూసుకోమంటాను. ఎన్ని మీటర్లున్నా వేడినీళ్ల స్నానానికి తీసి పెట్టాల్సిందే. వేడికీ ఆవిరికీ సబ్బుకూ మూత కింద ఉండే రబ్బరు రింగు గట్టిపడిపోతుంది. తడిలో కీ లాగకూడదు.

5. అద్దం

ఈ ధరలో దొరికేది ఎక్కువగా మినరల్ గ్లాస్. గీతలు ఎందుకు పడతాయంటే, రోడ్డు మీది దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. గట్టిదనం లెక్కలో ఇసుక 7, మినరల్ అద్దం దానికంటే కింద, సఫైర్ 9. అందుకే సఫైర్ అద్దం మీద గీత పడాలంటే గగనం. అయిదు వేలకు సఫైర్ అద్దం వస్తే వదలకండి, కానీ దానికోసం పూత బాడీకి ఒప్పుకోకండి. అక్రిలిక్ అద్దానికి గీతలు తొందరగా పడతాయి గానీ, టూత్‌పేస్టు రాసి మెత్తటి గుడ్డతో రుద్దితే తేలికవి పోతాయి.

6. కొలత, చైను, బెల్టు

మణికట్టుకు దారం చుట్టి స్కేలు మీద కొలవండి. 16 సెంటీమీటర్ల చుట్టూ ఉంటే 36 నుంచి 38 మిల్లీమీటర్ల డయల్ నప్పుతుంది. 18 ఉంటే 40, 42 వరకు వెళ్లవచ్చు. పై కొమ్ము కొస నుంచి కింది కొమ్ము కొస దాకా ఉన్న పొడవు మణికట్టు అంచులు దాటి బయటికి పోకూడదు. ఆన్‌లైన్ ఫొటోల్లో తెలియనిది ఇదే. గాజులు వేసుకునే చేతికి వాచీ వద్దు. గాజుల రాపిడికి బంగారు పూత ఏడాదికే తెల్లబోతుంది.

విజయవాడ ఎండకు, విశాఖ ఉక్కకు తోలు బెల్టు తట్టుకోదు, వాసన పట్టేస్తుంది. చైను తీసుకోండి, లేదంటే సిలికాన్, నైలాన్. చైను లింకులను పక్క నుంచి చూడండి. రేకు మడిచి చేసినవైతే మధ్యలో బోలుగా కనబడతాయి, చేతి వెంట్రుకలు పట్టి లాగుతాయి. బెల్టు వెడల్పు 18, 20, 22 మిల్లీమీటర్లలో ఏదో ఒకటైతే రేపు ఏ షాపులోనైనా వేరేది దొరుకుతుంది. వింత ఆకారపు కొమ్ములున్న వాచీకి కంపెనీ బెల్టే దిక్కు. ఆ మోడల్ ఆగిపోతే వాచీయే మూలపడుతుంది.

7. కౌంటర్ దగ్గరే పరీక్షించండి

సెకన్ల ముల్లు సరిగ్గా 12 మీదికి వచ్చినప్పుడు కీ లాగండి. ముల్లు ఆగాలి. ఇప్పుడు తిప్పుతూ మిగతా రెండు ముళ్లనూ 12 మీదికి తెండి. మూడూ ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి. అక్కణ్నుంచి 6కి తెస్తే గంటల ముల్లు, నిమిషాల ముల్లు ఒకే గీతలో నిలబడాలి. 3కి తెస్తే చిన్న ముల్లు గీత మీదే ఉండాలి, కాస్త ముందో వెనకో కాదు. తిప్పేటప్పుడు కీ వదులుగా ఊగకూడదు, ముళ్లు రాసుకోకూడదు. తేదీ మారేది అర్ధరాత్రి అటూ ఇటూ అయ్యేలా సరిచూసుకోండి.

తర్వాత కీ నొక్కేసి ఒక నిమిషం ఓపిక పట్టి, సెకన్ల ముల్లు ఒక్కో గీత మీద పడుతోందా, గీతల మధ్య పడుతోందా చూడండి. ఈ ధరలో చాలావాటికి ఈ తేడా ఉంటుంది. టైము తప్పుతుందని కాదు, బిగింపులో శ్రద్ధ ఎంతో తెలుస్తుంది. అదే మోడల్‌లో ఇంకో రెండు పీసులు తీయమనండి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా కనిపిస్తుంది. షాపతను విసుక్కుంటే విసుక్కోనీండి.

డయల్ లోపల చిన్న చక్రాలుంటే పక్కనున్న బటన్లు నొక్కండి. చక్రాల్లోని ముళ్లు కదలాలి. కొన్ని చవక వాచీల్లో ఆ చక్రాలు వట్టి అచ్చు బొమ్మలు, బటన్లు అలంకారం. పనిచేయని మూడు చక్రాలకంటే పనిచేసే మూడు ముళ్లు మేలు కాబట్టి, అనుమానం వస్తే సాదా డయల్‌కే ఓటెయ్యండి.

8. ధర, బిల్లు

ఎమ్మార్పీ 6,999, డిస్కౌంటు పోను 899 అని కనిపిస్తే, అది 899 రూపాయల వాచీయే అని చదువుకోండి. ఆరు వేలు ఎవరూ వదులుకోవడం లేదు. హైదరాబాద్ కోఠి ఫుట్‌పాత్ మీదా, విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ దొరికే 'ఫస్ట్ కాపీ'ల జోలికి పోవద్దు. ఖరీదైన పేరుకు పెట్టే డబ్బు మెషీన్‌కు పెట్టి ఉండరు, పాడైతే అడిగే దిక్కుండదు. టైటన్, సొనాటా, టైమెక్స్, కాసియో వంటివి కొనేటప్పుడు కంపెనీ వెబ్‌సైటులో మీ ఊళ్లోనో, పక్క పట్నంలోనో సర్వీస్ సెంటర్ ఉందో లేదో చూసుకోండి. గ్యారంటీ కార్డు మీద షాపు సీలు, తేదీ, మోడల్ నంబరు పడ్డాకే డబ్బివ్వండి. ఆ నంబరు మూత మీది నంబరుతో కలవాలి.

9. మొదటిసారి సెల్లు మార్పించేటప్పుడు

కొన్ని వాచీల్లో సెకన్ల ముల్లు రెండేసి గీతలు గెంతడం మొదలుపెడితే సెల్లు అయిపోవచ్చిందని గుర్తు. ఆగిపోయిన వాచీని నెలల తరబడి సొరుగులో పడేయకండి. సెల్లు కారి మెషీన్‌ను తినేస్తుంది. బజారులో ఒకే సైజులో రెండు రకాల సెల్లులుంటాయి. ఎస్ఆర్ అక్షరాలతో మొదలయ్యేది సిల్వర్ ఆక్సైడ్, ఎల్ఆర్‌తో మొదలయ్యేది ఆల్కలైన్. ఆల్కలైన్ చవక. దాని బలం మెల్లగా దిగిపోతుంది, కారే గుణమూ ఎక్కువ. మియోటా 2035కి కావాల్సింది ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ. ఆ పేరు చెప్పి అడగండి, కవరు మీ ఎదుటే చింపమనండి. మూత తీసినప్పుడు రబ్బరు రింగు మెలికపడిందా, పగిలిందా అని చూడమనండి. అది సరిగ్గా కూర్చోకపోతే కొత్తలో 50 మీటర్లు తట్టుకున్న వాచీలో కుళాయి నీళ్లకే ఆవిరి పడుతుంది. తీసేసిన సెల్లు చిన్న పిల్లలున్న ఇంట్లో బల్ల మీద వదిలేయకండి. మింగితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. షాపులోనే ఇచ్చేసి రండి.