ఫైనల్ ఫాంటసీ ఎందుకు ప్లేస్టేషన్‌కే వెళ్లిపోయింది?

నేను పీసీలోనే గేమ్స్ ఆడతా. 2023 జూన్‌లో పీఎస్5కి వచ్చిన ఫైనల్ ఫాంటసీ 16 కోసం 2024 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. కడుపు మండి పాత కథ తవ్వా.

ఆరో భాగం నింటెండో కన్సోల్ మీదే వచ్చింది. ఆ తర్వాత వచ్చిన నింటెండో 64 క్యాట్రిడ్జ్‌లో ఎంత కుక్కినా 64 ఎంబీ. సీడీలో దాదాపు 650! ఆర్పీజీ అంటే గంటల కొద్దీ కథ, మధ్యమధ్యలో సినిమా లాంటి సీన్లు. ఏడో భాగానికి ఏకంగా మూడు సీడీలు పట్టాయి. అందుకే 1997లో ప్లేస్టేషన్‌కి మారిపోయింది.

ఇప్పుడు స్టోరేజ్ సమస్య కాదు, ఒప్పందాలే. కానీ 16వ భాగానికి సోనీతో ఉన్న ఒప్పందం ఆరు నెలలే. మిగతా ఆలస్యం? పీఎస్5 కోసం చెక్కిన గేమ్‌ని పీసీకి ఆప్టిమైజ్ చేయడానికే పట్టింది. రోజూ కోడ్ రాసేవాణ్ణి, ఆ మాట విన్నాక నా కోపం సగం దిగింది.