తువ్వాళ్ల వాసన - పలనాటి నీరు

ఇంటికి వచ్చినవారికి ముందు కాళ్లకు నీళ్లు, ఆ వెనుక తుడుచుకొనుటకు తువ్వాలు ఇచ్చుట మన పలనాటి మర్యాద. గురజాల, మాచర్ల ప్రక్క గ్రామములలో తిరుగునప్పుడు ఈ మర్యాద నాకును ఎన్నోమారులు దక్కినది. తువ్వాలు అందించుచు ఇల్లాలు, "ఉతికిందేనండీ, ఎంత సబ్బు పెట్టినా ఈ ముక్కవాసన పోవట్లేదు" అని నొచ్చుకొనుటయు విన్నాను. అందు ఆమె తప్పేమియు లేదు. చిక్కంతయు నీటిలో నున్నది.

మనది సున్నపురాతి నేల. పిడుగురాళ్ల సున్నము, మాచర్ల సిమెంటు, ముంగిట పరచు నాపరాళ్లు అన్నియు ఈ రాతి చలువయే. వాననీరు ఈ రాతిలో ఇంకి బావికో, బోరుకో చేరులోగా కాల్షియం, మెగ్నీషియం లవణములను కరిగించి వెంట తెచ్చును. దీనినే కఠినజలము అందురు. సబ్బు ఈ లవణములతో కలిసినప్పుడు నురుగు రాక, పాలు విరిగినట్లు తెల్లని తెట్టె కట్టును. తెట్టె తువ్వాలు పోగులలో దిగబడి ఎండును. కావుననే పాత తువ్వాలు అట్టవలె బిరుసెక్కి తడిని పీల్చకుండును. ఒంటి జిడ్డు, చెమట ఆ తెట్టెలో చిక్కి సూక్ష్మజీవులకు ఆహారమగును. ఉతికిన బట్టల వాసనకు మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అను బాక్టీరియా ముఖ్యకారణమని 2012లో జపాను పరిశోధకులు తెలిపిరి. బట్ట ఎంతసేపు తడిగా నున్న ఇట్టివి అంత పెరుగును. సబ్బు పెంచినకొలది తెట్టెయు పెరుగును.

మీ నీరు ఎట్టిదో తెలిసికొనుట సులభము. సీసాలో సగము నీరు పోసి, బార్ సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా కుదుపుడు. నురుగు నిలిచిన నీరు మెత్తనిది. నురుగు రాక పైన తెట్టె తేలిన కఠినమైనది. కాలువ నీరు సాధారణముగా బోరు నీటికంటె మెత్తన. వాననీరు అన్నిటికంటె మెత్తన. బోరు తప్ప వేరు దారి లేనివారు బకెట్టు నీటికి రెండు చెంచాల బట్టల సోడా (వంట సోడా కాదు) కలిపి, పావుగంట ఆగి, తరువాత సబ్బు వాడవలెను. డిటర్జెంటు పొడితో ఈ తెట్టె బాధ అంతగా లేదు. ఇదివరకే బిరుసెక్కిన తువ్వాళ్లను సబ్బు లేకుండ సోడా నీటిలో అరగంట ఉడికించి, రెండుమూడు నీళ్లలో జాడించిన మరల మెత్తబడును. రజకులు పూర్వము బట్టలను చవుటి నీటిలో తడిపి ఉబ్బ వేసినది ఇందులకే. చవుటిలో నున్నదియు ఈ సోడాయే. ఆ పని తెలిసినవారు ఇప్పుడు తక్కువైనారు.

ఆరబెట్టుటలో ఒక్కటే సూత్రము: మడత ఉండరాదు. చిలకకొయ్యకు ముద్దగా తగిలించిన తువ్వాలు పైన ఆరినట్లు కనిపించినను లోపల తడిగా నుండును. వేసవిలో మన ఎండకు గంట చాలును. ముసురు రోజులలో చూరు క్రింద, గాలి ఆడుచోట దండెముపై పరచి వేయవలెను.

ఇంతవరకు చెప్పినది వాసన సంగతి. వాసన లేని తువ్వాలు ఒకటి ఇంతకంటె ప్రమాదకరమైనది కలదు. ప్రత్తికి, మిరపకు మందు చల్లునప్పుడు ముక్కుకు, నోటికి చుట్టుకొను తువ్వాలు అది. 2021లో నల్ల తామరపురుగు మిరపను పట్టినప్పుడు రైతులు మందు మీద మందు చల్లిరి. తువ్వాలు మెడ నుండి దిగలేదు. సాయంకాలము దానితోనే ముఖము తుడుచుకొని ఇంటికి వచ్చి దండెముపై వేసిన, మరునాడు ఇంట్లో పిల్లవానికి తల తుడుచునది అదియే కావచ్చును. పురుగుమందు చర్మము గుండ లోనికి పోవును. తువ్వాలు మందు ఆవిరిని ఆపదు సరికదా, తుంపరలను పీల్చి నోటికి అంటియే ఉంచును. చల్లునప్పుడు తగిన మాస్కు ధరింపవలెను.

చెమట తుడుచుటకైనను పొలములో వాడిన తువ్వాలును ఏ రోజుకారోజు వేరు తొట్టిలో, చేతితొడుగులతో, వేడినీరు, డిటర్జెంటుతో రెండుమూడుమారులు ఉతుకవలెను. నీటిలో పాలవలె తెల్లబడు నూనె మందులు చన్నీటికి వదలవు. ఆ ఉతికిన నీటిని కాలువలోగాని, చెరువులోగాని, పశువుల తొట్టి దగ్గరగాని పోయరాదు. డబ్బాలోని చిక్కని మందు ఒలికిన తువ్వాలును ఉతుకుటకు చూడక పారవేయవలెను; ఇరువది రూపాయలు, ఏబది రూపాయలని వెనుకాడవద్దు. వాసన పోయినంత మాత్రమున మందు పోయినట్లు కాదు.

మందుల జాగ్రత్తలు చెప్పు సభలలో గ్రామాధికారులు ఈ సంగతియు చెప్పిన మేలు. పొలము తువ్వాలుకు అంచున ఎర్రదారముతో గుర్తు కుట్టి, పశుగ్రాసమునకు, పిల్లలకు దూరముగా వేరొక త్రాటిపై ఆరవేయుడు. ఇంట్లో చదువురాని అవ్వయు ఆ ఎర్రదారము చూచి దానిని ముట్టకుండును.