సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కేసి బ్రోకలీ విత్తండి

పామూరు, కనిగిరి వైపు బ్రోకలీ పండదనే మాట ఎండకు భయపడి అనేదే. పువ్వు గట్టిగా కట్టాలంటే 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం మేలు. మనకు చలి అంటూ ఉండేది డిసెంబరు, జనవరిలోనే. అందుకే పువ్వు సంక్రాంతికి అటూఇటూగా చేతికొచ్చేలా లెక్క వేసుకోవాలి.

విత్తనం: పెరటికి సూటి రకాలే నయం. ఇటలీ పాత రకం డి సిక్కో నాటిన 50–60 రోజులకే కోతకు వస్తుంది. నడిమి పువ్వు చిన్నదే గానీ, అది కోశాక పక్క పిలకలు వరసగా వస్తాయి. చేనంతా ఒకేసారి కోతకు రావాలంటే హైబ్రిడ్ వేసుకోవాలి. ఇంటి కూరకు మాత్రం కొంచెం కొంచెంగా రావడమే సుఖం. వాల్తామ్ 29 ఆలస్యపు రకం, విత్తడంలో జాప్యమైతే ఎండకు దొరికిపోతుంది.

నారు: హస్త కార్తె చివర, చిత్త కార్తెలో రెండు దఫాలుగా విత్తండి. పొగాకు నారు పెంచిన చేతులకు ఇది కొత్త పని కాదు. జల్లించిన ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి ట్రేలు నింపండి. గింజ అర సెంటీమీటరు లోతు చాలు. వారంలోపే మొలుస్తుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పు నీళ్లే. లేత నారుకు పట్టి ఉంచిన వాన నీళ్లు పోయండి. తుపాను జల్లులు పడితే ట్రేలను వసారాలోకి చేర్చండి.

నాటడం: నాలుగైదు ఆకులు వచ్చాక, 25–30 రోజుల నారును సాయంత్రం పూట అడుగున్నర ఎడంతో, ఎత్తు మడుల మీద నాటండి. గుంటకు రెండు దోసిళ్ల చివికిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేయాలి. మొక్కల మొదట్లో వరిగడ్డి పరిస్తే పదును నిలుస్తుంది. బోరాన్ చాలకపోతే కాడ డొల్లవుతుంది. నాటిన మూడు వారాలకు లీటరు నీటికి 1 గ్రాము బోరాక్స్ కలిపి ఒకసారి పిచికారీ చేయండి.

పురుగు: డైమండ్ రెక్కల పురుగు ఆకులను జల్లెడ చేస్తుంది. నాటడానికి రెండు వారాలు ముందుగానే మడి అంచున ఆవాలు చల్లితే అది ముందు వాటినే పట్టుకుంటుంది. 5 శాతం వేపగింజల కషాయాన్ని ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి.

కోత: మొగ్గలు బిగువుగా, ముదురాకుపచ్చగా ఉన్నప్పుడే జానెడు కాడతో ఉదయం పూట కోయండి. పసుపు తిరిగిందంటే ఆలస్యమైనట్టే.

విత్తన నిల్వ: అన్నిటికంటే ముందు బిగువైన పువ్వు కట్టిన అయిదారు మొక్కలను కోయకుండా వదిలేయండి. పువ్వు కట్టకుండానే పూతకు పోయిన మొక్క విత్తనానికి పనికిరాదు. బ్రోకలీకి తన పుప్పొడి తనకు పట్టదు, కాబట్టి ఒక్క మొక్కను ఉంచితే కాయ నిలవదు. దగ్గర్లో క్యాబేజీ, కాలీఫ్లవర్ పూతకు రానివ్వొద్దు, కలిసిపోతాయి. ఫిబ్రవరి ఎండకు పైన నీడ వల కట్టండి. కాయలు గోధుమ రంగుకు తిరగగానే, పగలక ముందే కొమ్మలతో కోసి గుడ్డ మీద ఆరబెట్టండి.

గింజ గుప్పెడే వచ్చినా దాచండి. వచ్చే హస్తలో కొన్న గింజ ఒక వరస, ఇంటి గింజ ఒక వరస విత్తి చూడండి. ఏది మన ఎండకు తట్టుకుంటుందో మీ మడిలోనే తేలిపోతుంది.