వేరుశనగ పొట్టుతో బ్రికెట్లు

ప్రశ్న: కల్యాణదుర్గంలో మాకు వేరుశనగ మిల్లు ఉన్నది. గుట్టగా మిగిలే పొట్టుతో బ్రికెట్లు (అదిమిన ఇంధన దిమ్మెలు) చేయదలచితే ప్రభుత్వ సాయం దొరుకుతుందా?

జవాబు: కేంద్ర నవీన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2022 నవంబరున వెలువరించిన జాతీయ జీవశక్తి కార్యక్రమము, గంటకొక టన్ను సామర్థ్యమునకు 9 లక్షల రూపాయల వంతున, 45 లక్షలకు మించకుండ, బ్రికెట్ల కర్మాగారములకు సాయము నిర్ణయించినది, అయితే యంత్రము నడచి, ఉత్పత్తి నిరూపింపబడిన పిమ్మట గాని ఆ సొమ్ము చేతికందదు గనుక, తొలి పెట్టుబడికి బ్యాంకు ఋణము తప్పదు. తేలికయై బండినిండ నింపినను తూగని పొట్టు, అదిమి బ్రికెట్టు చేసినపుడే దూరపు బాయిలర్లకు గిట్టుబాటగును. బ్రికెట్లకై వేరుశనగ కట్టెను (కాయలు తీసిన చెట్టును) మాత్రము ముట్టకుడు. వానలు ముఖము చాటేసిన యేట అనంతపురపు పశువులకు అదియే మేత. కార్యక్రమపు తొలి దశ 2025-26 వరకే నిర్ణీతము గావున, వర్తమాన నిబంధనలను రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థయైన నెడ్‌క్యాప్ కార్యాలయమున విచారించి మరీ యంత్రము కొనుడు.