మిర్చి పూతలో నల్ల తామర: సేంద్రియ తోటకు అసలు ముప్పు సీసాలోనే

వానలు తగ్గి పొడి వాతావరణం మొదలయ్యే ఈ రోజుల్లో అలంపూర్, అయిజ, పెబ్బేరు, కొల్లాపూర్ వైపు సేంద్రియ పద్ధతిలో మిర్చి వేసినవాళ్లు ముందు చూడాల్సింది పూతను. తోటలో అక్కడక్కడా పువ్వులు కోసి తెల్ల కాగితం మీద దులపండి. మిల్లీమీటరు పొడవున సన్నటి నల్ల పురుగులు కదిలితే అది నల్ల తామర పురుగు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనిపించిన ఈ పురుగు 2021 చివరికల్లా రెండు తెలుగు రాష్ట్రాల మిర్చిని ముంచింది. ఆ ఏడాది మందు మీద మందు కొట్టిన తోటల్లోనూ పూత నిలవలేదు, చాలామంది తోటలే పీకేశారు. కారణం తెలిసిందే. పెద్ద పురుగు పూరేకుల మధ్య దాక్కుంటుంది, కోశస్థ దశ ఎక్కువగా నేలలో గడుస్తుంది. పైపైన కొట్టిన మందు ఈ రెండు చోట్లకూ సరిగా చేరదు, చేరేది అక్షింతల పురుగులకూ సాలీళ్లకూ. తామరను తినేవి పోయాక తామరకు అడ్డేముంది?

అందుకే ‘ఇది బయోనే, రెండ్రోజుల్లో పురుగంతా రాలుతుంది’ అని డీలరు చెప్పే సీసాను నమ్మకండి. వేప కషాయం, బవేరియా బూజు పొడి నిదానంగా పనిచేస్తాయి. తెల్లారేసరికి పురుగు చచ్చిందంటే అందులో రసాయనం కలిసిందేమోనని అనుమానించాల్సిందే. కాయలో రసాయన అవశేషం తేలితే సేంద్రియ ధ్రువీకరణ పోయే ప్రమాదం ఉంది. ఏకవార్షిక పంటకు సేంద్రియానికి మారే కాలం విత్తడానికి ముందు రెండేళ్లు, ధ్రువీకరణ పోతే అది మళ్లీ మొదటికొస్తుంది. లేబుల్ మీద రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ లేని పురుగుమందు కొనకండి, బిల్లు లేకుండా అసలే వద్దు.

‘చుట్టూ అందరూ కొడుతుంటే పురుగంతా మా చేలోకే రాదా?’ అని అడుగుతారు. కొంత వస్తుంది. గట్ల వెంట రెండు మూడు వరుసల జొన్న ఉంటే ఆ రాక తగ్గుతుంది. ఎకరాకు 25 నుంచి 30 నీలిరంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి. 5 కిలోల వేపగింజల పొడి నానబెట్టి వడకట్టి 100 లీటర్ల కషాయం చేసి సాయంత్రం ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఇది పిల్ల పురుగుల మీదే బాగా పనిచేస్తుంది, మిగిలిన పెద్ద పురుగుల వల్ల కొంత పూత రాలుతుంది. ఆ కొంత రాలుడు చూసి బెంబేలెత్తి సీసా పట్టినవాళ్లే మొత్తం పోగొట్టుకుంటారు. బవేరియా లీటరుకు 5 గ్రాములు, అదీ గాలిలో తేమ ఉన్నప్పుడే. అది బూజు జాతి, బోర్డో మిశ్రమంతో కలిపితే చస్తుంది, డబ్బు దండగ. కోళ్ల ఎరువు ఎక్కువేస్తే లేత చిగురు విపరీతంగా వచ్చి తామరకు మేతవుతుంది.

ఇక ఈ రోజుల్లో మిగతా పంటల సంగతి: పసుపులో నీరు నిలిస్తే దుంపకుళ్లు తప్పదు, కాలువలు తీయండి, ఆకుమచ్చ పడ్డ ఆకులు ఏరి కాల్చేయండి. నల్లరేగడిలో ధనియాలు వేసేవాళ్లు పదును ఆరకముందే విత్తుకోండి.